అవ్వ అడిగిన ప్రశ్న

మాది పావగడ తాలూకా నాగలమడిక. అంత్య సుబ్రహ్మణ్యుడి గుడి, ఉత్తర పినాకిని ఒడ్డు అంటే కొందరికైనా గుర్తొస్తుంది. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. తత్త్వశాస్త్రం నేను ఏ కాలేజీలోనూ చదవలేదు. బెంగుళూరులో గుమాస్తా ఉద్యోగం చేస్తూ, లైబ్రరీలో దొరికిన ఇంగ్లీషు పుస్తకాలతో లావోత్సు, చువాంగ్‌త్సు, హైడెగ్గర్‌లతో పరిచయం పెంచుకున్నాను. చదివినదాన్ని తెలుగులో నోటుపుస్తకాల్లో రాసుకునేవాణ్ణి. రాస్తేగాని నాకు తలకెక్కదు.

వాటిలో నేను బాగా మురిసిపోయిన వ్యాసం ఏతం మీద రాసినది. చువాంగ్‌త్సు గ్రంథం 12వ అధ్యాయంలో ఒక ముసలాయన బావిలోకి దిగి, కుండతో నీళ్లు తెచ్చి తోటకు పోస్తుంటాడు. కన్ఫ్యూషియస్ శిష్యుడొకడు చూసి, ఏతం కట్టుకుంటే రోజుకు వంద మళ్లు తడుస్తాయి కదా అంటాడు. ఏతం సంగతి నాకూ తెలుసు, యంత్రాన్ని నమ్ముకున్నవాడి మనసూ యంత్రమైపోతుంది, అందుకే సిగ్గుపడి వాడడం లేదంటాడు ముసలాయన. భౌతికశాస్త్రవేత్త హైజెన్‌బర్గ్ 1955 నాటి తన పుస్తకంలో ఈ కథ చెప్పాడు. నేను చదివింది అందులోనే. దానికి 1954లో అచ్చయిన హైడెగ్గర్ వ్యాసాన్ని జోడించి, మా ఊరి కపిల బావులను తలచుకుని, కరెంటు మోటార్లు వచ్చాక మనుషుల మనసులు చెడ్డాయని తేల్చేశాను.

సెలవులకు ఊరెళ్లి అవ్వకు చదివి వినిపించాను. అనపకాయలు ఒలుస్తూ అంతా వింది.

"ఆ ముసలాయప్పకు పెండ్లాం ఉండిందా?"

"తెలీదవ్వా. రాయలేదు."

"ఉండింటే ఆయమ్మను అడగాల్సింది. మీ తాత కపిల తోలినాడు, సరే. ఇంటికి కడవలు మోసింది నేను. కొళాయి వచ్చిన దినం నా మనసేమీ చెడలేదురా, నడుమునొప్పి తగ్గింది."

నాకు కోపం వచ్చిన మాట నిజం. ఊరి నుంచి రాగానే చువాంగ్‌త్సు అనువాదం తెచ్చి ఆ అధ్యాయం మొత్తం చదివాను. కథ ముసలాయన మాటతో అయిపోలేదు! శిష్యుడు వెళ్లి చెబితే కన్ఫ్యూషియస్, ఆయనకు ఒకటి తెలుసు, రెండోది తెలియదు, లోపలిది చూసుకుంటాడు, బయటిది పట్టించుకోడు అంటాడు. అది మెప్పో తప్పుబట్టడమో పండితులే తేల్చుకోలేదు. నేను మాత్రం సగం కథతో తీర్పు చెప్పేశాను. నాలాంటి ఔత్సాహికులకు ఇది పెద్ద జబ్బు. నచ్చిన చోట పుస్తకం మూసేస్తాం.

అలాగని అవ్వ మాటతోనూ లెక్క సరిపోలేదు. బోర్లు లోతుకు దిగాక మా తాలూకా నీళ్లలో ఫ్లోరైడ్ బాధ తెలియనివారు లేరు. తిరుమణి వైపు సుమారు 13,000 ఎకరాల్లో ఇప్పుడు పంటలకు బదులు సౌరఫలకాలున్నాయి. రైతులు భూములు అమ్మలేదు, కౌలుకిచ్చారు. వానల్లేని నేలకు ఆ కౌలే పంట. వాళ్లది యంత్రపు మనసని అనడానికి నాకిప్పుడు నోరు రాదు.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆ వ్యాసాన్ని నాలుగోసారి తిరగరాస్తున్నాను, ఈసారి ఆమె ప్రశ్నతో మొదలుపెట్టి. ముసలాయన భార్య జాడ మాత్రం ఇంతవరకు ఏ అనువాదంలోనూ నాకు దొరకలేదు.