కణం కోటలోకి కబురు ఎలా చేరుతుంది?

1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు పెనుకొండ రాజధాని అయింది. రాజులుండే కోట వాకిట్లో కావలివాళ్లు అందరినీ లోపలికి వదలరు కదా! మన కణంలోని కేంద్రకమూ అలాంటి కోటే. చిన్న అణువులు దాని సన్నని ద్వారాల్లో ఇట్టే దూరిపోతాయి. పెద్ద ప్రోటీన్లు మాత్రం చిరునామా చీటీ చూపాలి. ప్రోటీన్లకు ఇలాంటి చీటీలుంటాయని చూపిన గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ వచ్చింది.

కబురు ఎందుకు వెళ్లాలి?
వైరస్ సోకిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌ను వదిలి పక్క కణాలను హెచ్చరిస్తుంది. వైరస్‌ను ఎదిరించే కిటుకులన్నీ కేంద్రకంలోని డీఎన్ఏలో ఉన్నాయి. కబురు అక్కడికి అందాలి.

ఎలా?
ఇంటర్‌ఫెరాన్ కణం పైపొర మీది గ్రాహకాన్ని పట్టుకుంటుంది. వెంటనే లోపలున్న స్టాట్ ప్రోటీన్లకు ఫాస్ఫేట్ ముద్ర పడుతుంది. అవి జంట కడతాయి. ఇంపోర్టిన్ అనే ప్రోటీన్ వాటిని ద్వారం దాటిస్తుంది. ధర్మవరం మగ్గం మీద ఏ పోగు లేవాలో జకార్డు అట్టలు చెప్పినట్టు, ఏ జన్యువు మేలుకోవాలో ఈ స్టాట్ జంటలు చెబుతాయి.

ఇంకో వింత! గామా రకం ఇంటర్‌ఫెరాన్, దాని గ్రాహకంలో ఒక భాగం కూడా కేంద్రకం చేరడం ప్రయోగాల్లో కనిపించింది. అంటే, కబురుతో పాటు కణం పైపొర వాకిలి ముక్క కూడా లోపలికి నడిచిందన్నమాట!