డిజిటల్ మోడలర్‌లో ట్యూబ్ యాంప్ ఫీల్ రావాలంటే ఏం చేయాలి?

ఎలక్ట్రిక్ గిటార్ వాయించే తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. "అన్నా, రికార్డింగ్ వింటే అచ్చం యాంప్‌లానే ఉంది. కానీ వాయిస్తుంటే చేతికి ఏదో ప్లాస్టిక్‌లా తగులుతోంది. ట్యూబ్ యాంప్ కొనేయనా?" ఒక్క నిమిషం ఆగండి. ఈ "ఫీల్" అనేది మాయ కాదు. దాని వెనక కొన్ని కారణాలున్నాయి. అవి తెలిస్తే చాలావరకు మీ దగ్గరున్న గేర్‌తోనే పనైపోతుంది.

ముందు ట్యూబ్ యాంప్ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఫెండర్ డీలక్స్ రివర్బ్‌నే తీసుకోండి. సుమారు 22 వాట్లు, రెండు 6వీ6 పవర్ ట్యూబ్‌లు, ట్యూబ్ రెక్టిఫయర్, ఒక 12 అంగుళాల స్పీకర్. వాల్యూమ్ బాగా పెంచి తీగను గట్టిగా కొట్టారనుకోండి. పవర్ ట్యూబ్‌లు ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ లాగుతాయి, లోపలి వోల్టేజ్ కాస్త పడిపోతుంది. అందువల్ల నోట్ మొదట్లో కొంచెం నొక్కుకుపోయి, తర్వాత ఉబ్బుతుంది. దీన్నే శాగ్ అంటారు. చేతికి మెత్తగా, రబ్బరులా సాగినట్టు అనిపించేది ఇదే అన్నమాట.

అన్ని ట్యూబ్ యాంప్‌లూ ఇలా సాగవు. 100 వాట్ల మార్షల్ 1959లో ఉండేది సాలిడ్ స్టేట్ రెక్టిఫయర్. అందుకే అది బిగుతుగా ఉంటుంది. కాబట్టి మోడలర్‌లో శాగ్ నాబ్ కనిపించింది కదా అని పూర్తిగా తిప్పేయకండి. బ్లూస్ లీడ్‌కి పెంచండి, వేగంగా వాయించే రిథమ్‌కి తగ్గించండి.

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. ఈ వరుసలోనే చెక్ చేయండి.

మొదటిది ఇన్‌పుట్. ఇంటర్‌ఫేస్‌లో "ఇన్‌స్ట్రుమెంట్" లేదా "హై-జెడ్" స్విచ్ ఆన్‌లో ఉండాలి. గిటార్ పికప్‌కి సుమారు 1 మెగా ఓమ్ ఇంపీడెన్స్ కావాలి. లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే హై ఫ్రీక్వెన్సీలు పోయి, సౌండ్ దుప్పటి కప్పినట్టు అయిపోతుంది. ఇన్‌పుట్ లెవెల్ మరీ ఎక్కువైనా ఇబ్బందే. ఎప్పుడూ డిస్టార్షనే వస్తుంది. చిన్న టెస్ట్ చెప్తా: కొద్దిగా డర్ట్ ఉన్న టోన్ పెట్టుకుని, గిటార్ వాల్యూమ్‌ను 10 నుంచి 5కి తగ్గించండి. సౌండ్ శుభ్రపడాలి. పడలేదంటే లెవెల్ లేదా గెయిన్ ఎక్కువైనట్టే.

రెండోది లేటెన్సీ. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 256 శాంపిల్స్ బఫర్ అంటే 5.3 మిల్లీసెకన్లు. ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ కలిస్తే ఇంకా పెరుగుతుంది. పోల్చి చూడండి: గాలిలో శబ్దం ఒక మీటరు రావడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. మొత్తం 10 లోపు ఉంటే, యాంప్‌కి మూడు మీటర్ల దూరంలో నిలబడ్డట్టే లెక్క. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో మాత్రం వాయించకండి. వాటిలో ఆలస్యం మామూలుగా 100 మిల్లీసెకన్లు దాటుతుంది. ఫోన్‌లో వాయించేవాళ్లు యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్, వైరున్న హెడ్‌ఫోన్స్ వాడండి.

మూడోది గెయిన్. మీరు అనుకున్నదానికంటే తగ్గించండి, మోడల్‌లో మాస్టర్ ఉంటే దాన్ని పెంచండి. గెయిన్ ప్రీయాంప్‌ను నలిపితే, మాస్టర్ పవర్ యాంప్‌ను పని చేయిస్తుంది. మనం మాట్లాడుకున్న శాగ్ ఉండేది ఆ పవర్ యాంప్ వైపే.

నాలుగోది క్యాబినెట్. ఐఆర్‌లో చాలావరకు మనం వినేది, స్పీకర్‌కి దగ్గరగా పెట్టిన మైక్ విన్న సౌండ్. గదిలో నిలబడి మన చెవి వినేది అది కాదు. అందుకే గీరుకున్నట్టు ఉంటుంది. హై కట్ 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య, లో కట్ 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి మొదలెట్టండి. వినీ వినిపించనంత రూమ్ రివర్బ్ కలపండి. ఒకవేళ నిజమైన గిటార్ స్పీకర్‌లోకి పంపుతుంటే ఐఆర్ ఆపేయండి. లేకపోతే క్యాబినెట్ మీద క్యాబినెట్ పెట్టినట్టవుతుంది.

ఐదోది వాల్యూమ్. తక్కువ శబ్దంలో మన చెవికి బాస్, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. రాత్రి నెమ్మదిగా వింటూ సెట్ చేసిన ప్రీసెట్, స్టేజ్ మీద చెవులు కోసేది ఇందుకే. షో ఉంటే ఆ వాల్యూమ్‌లోనే మళ్లీ సరిచేయండి.

హెడ్‌ఫోన్స్‌తో రానిది కూడా ఒకటుంది. స్పీకర్ నెట్టే గాలి గిటార్ తీగలను తిరిగి కదిలించడం, ఆ ఫీడ్‌బ్యాక్. దానికి పెద్ద శబ్దం కావాల్సిందే. అయితే అపార్ట్‌మెంట్‌లో, పక్కింటివాళ్లు నిద్రపోయే టైమ్‌లో, 22 వాట్ల ట్యూబ్ యాంప్‌ను మాత్రం ఎంత పెంచగలరు? నెమ్మదిగా పెడితే దాని పవర్ ట్యూబ్‌లు కూడా కష్టపడవు, ఆ శాగ్ అక్కడా రాదు. అంటే ఫీల్ కోసం డబ్బు పోసి కొన్నది, ఫీల్ లేకుండానే మూలన కూర్చుంటుంది.

అందుకని ఈ రోజు ఒకే ఒక్క యాంప్ మోడల్ ఎంచుకోండి. ఈ ఐదూ వరుసగా సరిచేసి, అరగంట వేరే ప్రీసెట్ ముట్టుకోకుండా వాయించండి. గట్టిగా, మెల్లగా, వాల్యూమ్ నాబ్ తిప్పుతూ. చేతికి తేడా తెలుస్తుంది. తర్వాతి ఎపిసోడ్‌లో కలుద్దాం.