కారులో కుక్కతో ప్రయాణం: వేసవి జాగ్రత్తలు



వేసవి సెలవుల్లో యాడికి నుంచి తాడిపత్రికో, గుత్తికో, అనంతపురానికో కారులో బయలుదేరుతుంటే, "కుక్కను కూడా తీసుకెళ్దాం" అని పిల్లలు పట్టుబడతారు. నిక్షేపంగా తీసుకెళ్లవచ్చు. కాకపోతే రెండు సంగతులు గుర్తుంచుకోండి. కదిలే కారులో కుక్కను కట్టి ఉంచాలి. ఆగిన కారులో ఒంటరిగా వదలకూడదు.

ఒడిలో వద్దు

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నైనా గుద్దుకుంటే, లోపల కట్టి లేనిదల్లా అదే వేగంతో ముందుకు దూసుకుపోతుంది. ఆ దెబ్బ సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీది నుంచి పడ్డట్టు ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్లలు ఈ లెక్క చేసి చూపించగలరు. 20 కిలోల కుక్క అలా ఎగిరిపడితే దానికీ ప్రమాదమే, ముందు సీట్లో ఉన్నవారికీ ప్రమాదమే.

కుక్కను వెనుక సీట్లో కూర్చోబెట్టండి. ఛాతీ చుట్టూ వేసే హార్నెస్‌ను సీటుబెల్ట్‌కు తగిలించండి. మెడపట్టీకి తగిలిస్తే బ్రేకు పడినప్పుడు గొంతు బిగుసుకుంటుంది. చిన్న కుక్కను గాలాడే క్యారియర్‌లో ఉంచి, ఆ క్యారియర్ కదలకుండా కట్టండి. కిటికీలోంచి తల బయట పెట్టనివ్వకండి. దారిలో ఆగినప్పుడు ముందు గొలుసు పట్టుకుని, ఆ తర్వాతే తలుపు తీయండి.

"ఐదు నిమిషాలే కదా!"

అసలు ప్రమాదం ఈ మాటలోనే ఉంది. కారు అద్దాల్లోంచి లోపలికి వచ్చిన ఎండ సీట్లను, డ్యాష్‌బోర్డును కాలుస్తుంది. ఆ వేడి బయటికి పోలేదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్యులు 2005లో ప్రచురించిన పరిశోధనలో, ఎండలో నిలిపిన కారు లోపల గంటలో సగటున 22 డిగ్రీల సెల్సియస్ వేడి పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే పెరిగింది. అద్దాలు అంగుళంన్నర దించినా పెద్దగా తేడా రాలేదు. అంటే బయట 35 డిగ్రీలు ఉంటే లోపల 57 వరకూ వెళ్లవచ్చు. మన ఊళ్లో మే నెల ఎండలు ఎలా ఉంటాయో మీకు తెలియనిది కాదు.

మనకు ఒళ్లంతా చెమట పట్టి చల్లబడుతుంది. కుక్కకు చెమట పట్టేది ప్రధానంగా అరికాళ్లలోనే. అది నాలుక బయటపెట్టి వగరుస్తూ చల్లబడుతుంది. చుట్టూ ఉన్న గాలే వేడెక్కితే ఆ దారీ సరిగా పనిచేయదు. పగ్ లాంటి పొట్టి ముక్కు కుక్కలకు ఇబ్బంది మరింత ఎక్కువ.

ఈ జాగ్రత్త కుక్కకే కాదు. నిద్రపోతున్న పసిబిడ్డను కూడా "ఒక్క నిమిషం" అని కారులో వదలకండి.

వడదెబ్బ తగిలితే

విపరీతంగా వగర్చడం, చిక్కటి చొంగ, బాగా ఎర్రబడిన చిగుళ్లు, తూలడం, వాంతులు కనిపిస్తే ఆలస్యం చేయకండి. నీడకు తీసుకెళ్లి, ఒంటి మీద చల్లని నీళ్లు పోసి, గాలి విసరండి. తాగగలిగితే కొద్దికొద్దిగా నీళ్లు ఇవ్వండి, బలవంతంగా పోయకండి. ఏసీ వేసి పశువైద్యశాలకు తీసుకెళ్లండి. పశువైద్య సేవల టోల్‌ఫ్రీ నంబరు 1962ను ఫోన్‌లో దాచుకోండి.

బయలుదేరే ముందు

• తెల్లవారుజామున లేదా పొద్దు వాలాక బయలుదేరండి.
• ప్రయాణానికి మూడు నాలుగు గంటల ముందే తిండి పెట్టండి.
• నీళ్లు, గిన్నె, రేబిస్ టీకా కార్డు వెంట ఉంచుకోండి.
• రెండు గంటలకోసారి నీడలో ఆపండి.
• తారురోడ్డు మీద అరచేతి వెనుక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే, కుక్కను దాని మీద నడిపించకండి.

పిల్లలతో చేయించండి

గోడ థర్మామీటరును కారులో, బయటి నుంచి కనిపించేలా పెట్టి తలుపులు మూసేయండి. పెద్దలు పక్కనుండగా, పది నిమిషాలకోసారి అద్దంలోంచి చూసి పిల్లలు అంకె రాసుకోవాలి. అరగంటయ్యాక గ్రాఫ్ గీయించండి. ఆ గీత చూసిన పిల్లలు కారులో కుక్కను వదలనివ్వరు, మిమ్మల్ని మరచిపోనివ్వరు.