ఆయాసము – నడక

నాగాయలంక వద్ద కృష్ణ కరకట్టపై బాట చదునుగానే యుండును. అయినను దీర్ఘకాల శ్వాసకోశవ్యాధి గలవారికి అచట నాలుగడుగులు వేయగనే ఆయాసము వచ్చును. ఏండ్లతరబడి పీల్చిన చుట్ట, బీడీల పొగయు, కట్టెల పొయ్యి పొగయు ఈ వ్యాధికి ముఖ్యకారణములు. ఊపిరితిత్తులలో నశించిన గాలిగదులు తిరిగి పెరుగవు. మరి రోగికి విశ్రాంతియే శరణ్యమా?

కాదు. ఆయాసమునకు జడిసి కదలక కూర్చుండువాని తొడకండరములు క్షీణించును. బలహీనమైన కండరము కొద్ది పనికే ఆమ్లమును పుట్టించి, ఎక్కువ గాలిని కోరును. ఇట్లు ఆయాసమువలన విశ్రాంతి, విశ్రాంతివలన మరింత ఆయాసము కలుగును. ఈ విషవలయమును ఛేదించునదే శ్వాసకోశ పునరావాస చికిత్స. ఇది ఊపిరితిత్తులను బాగుచేయదు. కాళ్లకు బలము నిచ్చును. 1952లో అమెరికా వైద్యుడు ఆల్వాన్ బరాక్ ఇట్టి రోగులకు వ్యాయామము మేలని సూచించెను. 2015లో 65 పరిశోధనలను సమీక్షింపగా అది రూఢియైనది.

చికిత్స సాధారణముగా 6 నుండి 8 వారములు సాగును. రోగి 6 నిమిషములలో ఎంత దూరము నడువగలడో మొదటను, చివరను కొలుతురు. 30 మీటర్లు పెరిగినను రోగికి తేడా తెలియును. ముక్కుతో గాలి పీల్చి, వేడి గంజిని ఊదునట్లు పెదవులు ముడిచి, పీల్చిన కాలమునకు రెట్టింపు కాలము వదలుట నేర్పుదురు. అందువలన సన్నని గాలిగొట్టములు ముందుగా మూసుకొనిపోవు.

వైద్యపరీక్ష లేక దీనిని ప్రారంభింపరాదు. పొగ మానక చేసిన వ్యాయామము గండి పూడ్చక కాలువకు నీరు పెట్టుటవంటిది.

తన స్నానము తాను చేసికొనుట, పొరుగింటికి నడిచి పోగలుగుట: రోగికి జీవనసౌఖ్యమనగా ఇదియే.