మీకు తెలుసా? మనిషి గొంతే కొలబద్ద

పేరున్న బ్రిటిష్ స్పీకర్లలో చాలావాటికి పరీక్ష పాటతో కాదు, మాటతో జరిగింది. స్టూడియోలో ఒకరు మాట్లాడుతుంటే బీబీసీ ఇంజనీర్లు ముందు ఆ మనిషిని నేరుగా వినేవారు. తర్వాత అదే గొంతును స్పీకర్లో విని తేడా పట్టేవారు.

1970లలో ప్రసార వ్యాన్ల ఇరుకు చోటు కోసం వాళ్లు చేసిన ఎల్‌ఎస్ 3/5ఏ స్పీకర్ ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లే. గొంతు ఎదురుగా కూర్చుని పలికినట్టుంటుంది. లోతైన బాస్ మాత్రం అడగకండి! పై బాస్‌ను కాస్త ఉబ్బించి, ఉన్నట్టు భ్రమింపజేస్తుంది, అంతే.

స్పెండర్, హార్బెత్ రెండూ బీబీసీలో పనిచేసినవారు పెట్టిన కంపెనీలే. స్పెన్సర్, డొరొతీ దంపతుల పేర్లు కలిస్తే స్పెండర్. స్పీకర్ పెట్టె గోడలు ఎంత మందమైతే అంత మంచిదని మనం అనుకుంటాం కదా, వీళ్ల దారి వేరు. పలుచని గోడలకు లోపల తారులాంటి బిటుమెన్ పలకలు అంటిస్తారు. పెట్టె అదురు గొంతు పలికే స్థాయికి దిగువన అణగిపోతుంది. ఈ స్పీకర్లలో గొంతుకు వచ్చే వెచ్చదనంలో ఈ పద్ధతి పాత్ర తక్కువది కాదు.

1957 నాటి క్వాడ్ కంపెనీ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్‌కు అసలు పెట్టే లేదు. అధిక వోల్టేజీలో పలుచని పొర కదిలి శబ్దం పుట్టిస్తుంది. గొంతు స్వచ్ఛతలో నేటికీ దానిదే పైచేయి అంటాను. డప్పు దరువు వినాలంటే మాత్రం టానాయ్ కంపెనీ పెద్ద పెట్టెల వైపు వెళ్లండి.