సంతానం కోసం వేరుమందులు – మగవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతులు



కుటుంబ నియంత్రణ అంటే పిల్లలు చాలనుకున్నవాళ్ళకు ఆపరేషన్ చెయ్యటం ఒక్కటే కాదు. పిల్లలు కావాలనుకున్నవాళ్ళకు దారి చూపటం కూడా అందులో భాగమే.

పెళ్ళయి రెండు మూడేళ్ళయినా కడుపు పండకపోతే మన పల్లెల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ముందు కోడల్ని డాక్టరుకి చూపిస్తారు. తర్వాత మొక్కులూ ముడుపులూ. ఆ తర్వాత ఎవరో చెప్పారని మగవాడికి పసరో, చూర్ణమో తెస్తారు. మన దేవరాపల్లి ఏజెన్సీ కొండల దాపునే వుంది కాబట్టి వేర్లకూ దుంపలకూ కొదవ లేదు. ఇంత జరిగినా మగవాడికి చెయ్యవలసిన చిన్న పరీక్ష మాత్రం చేయించరు. ఏళ్ళు గడిచిపోతాయి, డబ్బు ఖర్చవుతుంది, నింద మాత్రం ఆడదాని మీద పడుతుంది.

లోపం ఎవరిలో?

సంతానం లేని జంటల్లో సుమారు సగం మందిలో లోపం పూర్తిగానో కొంతవరకో మగవారిలోనే వుంటుంది. "మావాడు దుక్కలా వున్నాడు, వాడికేం లోపం?" అని పెద్దవాళ్ళు అంటారు. ఒంటి బలం వేరు, మగతనం వేరు, వీర్యంలో వుండే కణాల సంఖ్య వేరు. కాపురం చక్కగా చేస్తున్న మగవాడిలో కూడా వీర్యకణాలు తక్కువగా వుండవచ్చు. అసలు లేకపోనూవచ్చు. ఆ సంగతి కంటికి కనబడదు. వీర్యం చిక్కగా వుందా పలచగా వుందా అని చూసి తేల్చగలిగేది కాదు.

వీర్యకణాలు ఎలా తయారవుతాయి?

ఇవి వృషణాల్లో (బీజాల్లో) తయారవుతాయి. ఒక్కొక్క కణం తయారవటానికి సుమారు 74 రోజులు పడుతుంది. అది నాళాల గుండా బయటకు వచ్చేసరికి మరికొన్ని రోజులు. అంటే ఇవాళ మానేసిన బీడీ ఫలితమైనా, ఇవాళ మొదలెట్టిన మందు ఫలితమైనా తెలియాలంటే సుమారు మూడు నెలలు ఆగాలి. "వారంలో గుణం కనిపిస్తుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి.

వృషణాలు ఒంటి వేడికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా వుండాలి. అందుకే ప్రకృతి వాటిని పొట్ట బయట వుంచింది. బెల్లం వండే పొయ్యి దగ్గర రోజుల తరబడి సెగకు కూర్చునేవాళ్ళు మధ్యమధ్య లేచి చల్లగాలికి రావాలి. పొగాకు, గుట్కా, సారా వీర్యకణాలను తగ్గిస్తాయి. యుక్తవయసు వచ్చాక గవదబిళ్ళలు వచ్చి బీజాలు వాచినా, బీజాల దగ్గర రక్తనాళాలు ఉబ్బినా, చిన్నప్పుడు బీజాలు సంచిలోకి దిగకపోయినా, సుఖరోగాలు వచ్చినా లోపం ఏర్పడవచ్చు.

వీర్యపరీక్ష ఎలా చేస్తారు?

సూది లేదు, కోత లేదు. రెండు నుంచి ఏడు రోజులు భార్యాభర్తలు కలవకుండా వుండి, ల్యాబులో ఇచ్చిన శుభ్రమైన సీసాలో వీర్యం ఇవ్వాలి. సూక్ష్మదర్శినిలో చూసి కణాలెన్ని, ఎన్ని కదులుతున్నాయి, వాటి ఆకారం ఎలా వుంది అని లెక్కకడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం ఒక మిల్లీలీటరులో 1 కోటి 60 లక్షల కణాలు, వాటిలో నూటికి 42 కదులుతూ వుండటం కనీస ప్రమాణం. అంతకన్నా తగ్గితే పిల్లలు పుట్టరని కాదు, అవకాశం తగ్గుతుందని అర్థం. ఒక్క పరీక్షతో తేల్చరు. తేడా వుంటే కొన్నాళ్ళాగి మరోసారి చేస్తారు.

మరి వేరుమందులు పనిచేస్తాయా?

కొన్నింటి మీద పరిశోధనలు జరిగాయి. పెన్నేరు గడ్డ (అశ్వగంధ) గురించి 2013లో ఒక పరిశీలన వెలువడింది. వీర్యకణాలు తక్కువగా వున్న 46 మందిలో కొందరికి వేరు సారం, కొందరికి మందు లేని ఉత్త గుళికలు 90 రోజులు ఇచ్చారు. వేరు సారం తీసుకున్నవారిలో కణాల సంఖ్య, కదలిక పెరిగాయి. దూలగొండి గింజల పొడి మీద లక్నోలో 75 మంది సంతానం లేని మగవారితో చేసిన పరిశీలన 2009లో వచ్చింది. అందులోనూ మేలు కనిపించింది.

ఇవి ఆశ కలిగించే మాటలే. కాని ఆ మందుల బరువు కొలిచి ఇచ్చారు, ముందూ వెనకా వీర్యపరీక్ష చేశారు. పైగా కొద్దిమంది మీద జరిగినవి. లెక్క పెరగటం, బిడ్డ పుట్టటం ఒకటి కావు. వీర్యం వచ్చే నాళం మూసుకుపోయినవాడికి ఎన్ని వేర్లు నూరిపోసినా ఆ దారి తెరుచుకోదు. అది ముందు పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

మూలికకు బలమూ వుంది, కీడూ వుంది

"చెట్టు మందు, చెరుపు చెయ్యదు" అనుకోవద్దు. పత్తిగింజల పచ్చినూనె వాడిన చైనా పల్లెల్లో మగవాళ్ళకు సంతానం కలగకపోవటం గమనించారు. దానికి కారణం గాసిపాల్ అనే పదార్థం. 1970ల్లో దాన్ని మగవారి గర్భనిరోధక మందుగా 8 వేల మందికి పైగా ఇచ్చి చూశారు. కణాలు తగ్గాయి. అయితే కొందరిలో రక్తంలో పొటాషియం పడిపోయి కాళ్ళూ చేతులూ నీరసించాయి. కొందరికి మందు మానినా వీర్యకణాలు తిరిగి రాలేదు. చివరకు 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆ ప్రయత్నం మానుకోమన్నారు. మొక్కలోది కాబట్టి మంచిదే అనటానికి లేదు.

కల్తీ మరో ప్రమాదం. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 మందుల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో వున్నట్టు తేలింది. సీసం వీర్యకణాలకు శత్రువు. సంతానం కోసం తిన్న మందే సంతానానికి అడ్డు కావచ్చు. అశ్వగంధ వాడినవారిలో కూడా కొందరికి కాలేయం దెబ్బతిని కామెర్లు వచ్చాయి.

కొందరు అడిగే ప్రశ్నలు

"నలభై చుక్కల నెత్తురైతే ఒక చుక్క వీర్యం అవుతుందట, నిజమేనా?"
కాదు. వీర్యం పోతే నెత్తురు తగ్గదు. ఈ భయాన్ని ఆసరా చేసుకునే చాలా చూర్ణాలు అమ్ముడవుతున్నాయి. మగతనం పెంచుతామని మందులకు ప్రకటనలు ఇవ్వటం 1954 నాటి చట్టం ప్రకారం నేరం.

"మగతనానికి ఇంజక్షన్ చేయించుకోవచ్చా?"
డాక్టరు చెప్పకుండా వద్దు. మగ హార్మోను బయటనుంచి ఎక్కిస్తే ఒంట్లో వీర్యకణాల తయారీ ఆగిపోతుంది.

"ఆయుర్వేదం మానెయ్యాలా?"
అక్కర్లేదు. పట్టా వున్న ఆయుర్వేద వైద్యుణ్ణి అడగండి. డబ్బా మీద తయారుచేసినవారి పేరు, లైసెన్సు నంబరు, అందులో ఏమున్నాయో, గడువు తేదీ వుండాలి. పొట్లం కట్టి ఇచ్చే పేరులేని పొడి వద్దు. బి.పి.కి, సుగరుకు, మనోవ్యాధికి మందులు వాడుతున్నవాళ్ళు ఆ సంగతి దాచకుండా చెప్పండి.

మీరు చెయ్యవలసినది

ఏ అడ్డూ లేకుండా ఏడాది కాపురం చేసినా గర్భం రాకపోతే – భార్యకు 35 ఏళ్ళు దాటితే ఆరు నెలలకే – ఇద్దరూ కలిసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రండి. ఏ.ఎన్.ఎం.తోనో ఆశా కార్యకర్తతోనో మాట్లాడండి. భర్త పనికి బయటూరు వెళ్ళి ఎప్పుడో వచ్చేవాడైతే ఆ మాటా చెప్పండి. నెలసరికి సుమారు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది. ఆ రోజుల్లో దూరంగా వుంటే ఏ మందూ పనిచెయ్యదు. పెద్ద పరీక్షలు అవసరమైతే డాక్టరుగారు విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రికి చీటీ రాసిస్తారు.

అన్నల్లారా, తమ్ముళ్ళారా! భార్యను రెండోసారి స్కానింగుకు పంపేముందు మీరు ఒక్కసారి వీర్యపరీక్ష చేయించుకోండి. ఫలితం ఏదైనా అది డాక్టరుకీ మీ ఇద్దరికీ మధ్యే వుంటుంది. రెండో పెళ్ళి మాట తెచ్చే పెద్దలకు ఆ కాగితమే సమాధానం చెబుతుంది.