శేషాచలపు పేరిత

ఈతను పోలిన ఆకులు, కురచ మాను కలిగిన ఈ మొక్కకు పువ్వు లేదు, కాయ లేదు. అయినను విత్తనము కలదు. తిరుమల, కడప ప్రాంతపు కొండలయందు మాత్రమే సహజముగా పెరుగు దీనిని పేరిత అందురు. శాస్త్రీయ నామము సైకస్ బెడోమీ. దక్షిణభారత వృక్షములను పరిశీలించిన రిచర్డ్ హెన్రీ బెడోమ్ పేరిట 1883లో దీనికి ఆ పేరు వచ్చినది.

మెదకు వంటి పట్టణములలో అలంకారమునకై పెంచు జపాను సైకసును చూచినచో దీని రూపమును ఊహింపవచ్చును. రెండును వివృతబీజములే. వీని పూర్వీకులు 25 కోట్ల సంవత్సరములకు పూర్వమే భూమిపై నుండెను.

సైకసులలో మగమొక్క వేరు, ఆడమొక్క వేరు. మగమొక్క కొనయందు శంకువు ఏర్పడి పుప్పొడిని విడుచును. ఆడమొక్క ఆకువంటి భాగముల అంచులయందు అండములను ధరించును. పుప్పొడి అండమును చేరిన పిమ్మట దానినుండి ఈదగల పురుషబీజములు వెలువడును. సైకసునందు ఈ విషయమును 1896లో జపాను శాస్త్రజ్ఞుడు ఇకెనో కనుగొనెను. ఫెర్నులయందు కానవచ్చు ఈ లక్షణము విత్తనపు మొక్కయందును మిగిలియుండుట విశేషము.

పేరిత మగశంకువులను మదనకామాక్షి అను పేర బలమునకు మందుగా అమ్ముట కలదు. మొక్కను నరకక శంకువును మాత్రమే కోసినచో నష్టమేమని తోచవచ్చును. శంకువు పోయినచో పుప్పొడి లేదు. పుప్పొడి లేనిచో మొలకెత్తు విత్తనము లేదు. మొక్క బ్రతికియే యుండును. సంతతి మాత్రము ఆగిపోవును. వేసవి కార్చిచ్చులకు ఆకులు మాడినను ముదురు మాను మరల చిగుర్చును. లేత మొక్కలు తాళలేవు. కావున పెద్ద మొక్కలు పచ్చగా నున్నంత మాత్రమున జాతి క్షేమమని తలపరాదు. పిల్లమొక్కలు ఉన్నవా లేవా అని చూడవలెను.

అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమితి పేరితను అపాయమునకు గురియైన జాతులలో చేర్చినది. అంతర్జాతీయ వ్యాపారమును నియంత్రించు సైటిస్ ఒడంబడిక మొదటి అనుబంధమున ఇది 1987లో చేరినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 1991లో సవరించినపుడు ఆరు రకముల మొక్కలకు రక్షణ కల్పించిరి; వానిలో పేరిత యొకటి. 2010లో శేషాచలము జీవావరణ రక్షిత ప్రాంతమైనది.

చట్టము వ్యాపారిని ఆపగలదు. అడవిలోని నిప్పును ఆపలేదు. కొండ నెక్కువారు నిప్పు విషయమున జాగరూకులై, శంకువులను మొక్కపైనే విడిచినపుడు పేరిత తన విత్తనములను తానే నాటుకొనగలదు.